మూడో చెయ్యి

మంచుకొండలు ఎక్కడానికి చేసిన బండట.
ఏటుకూరు రోడ్డులో, మే నెల ఒంటిగంట ఎండలో,
రేకుల షెడ్డు కింద నిలబడి
తాళం కూడా పెట్టకముందే
పెనంలా కాలుతోంది.

మూడో చెయ్యి నాది.
మొదటివాడు బెంగుళూరు, రెండోవాడు తెనాలి.
మీటరు నలభై ఒక్క వేల మూడొందలు చూపిస్తోంది.
"నిజమేనంటావా?" అంటే
నాగుల్‌మీరా కూలబడి
సంతలో ఎద్దు నోరు తెరిచి చూసినట్టు
స్ప్రాకెట్ పళ్లు వేలితో తడిమి,
"మీటరు అబద్ధమాడుద్ది. పళ్లాడవు" అన్నాడు.
ఎంత తిరిగిందో మాత్రం చెప్పలేదు.

చీటీ తోసి పాడితే చేతికొచ్చింది లక్షా పది.
"ఆస్పత్రి ఖర్చా అబ్బాయ్?" అంది చీటీల కోటేశ్వరమ్మ
జాలిగా.
అవుననీ కాదనీ కాకుండా
తలూపి వచ్చేశాను.

పగలు యార్డులో టిక్కీల తూకం రాసే చెయ్యే
రాత్రి ఇంట్లో ఇంకో పుస్తకం రాస్తుంది.
ఫోర్కు సీళ్లు, పద్నాలుగొందలు.
కోన్ సెట్టు, వచ్చే నెల.
క్లచ్ ప్లేట్లు, ఆ పై నెల, దేవుడు చల్లగా చూస్తే.
వెనక టైరు దగ్గర రాసి, కొట్టేసి,
మళ్లీ రాసి, ప్రశ్నార్థకం.
పక్కల పెట్టుకునే అల్యూమినియం పెట్టెల ధర విని
నూనె డబ్బాలు రెండు కోయించి
రివెట్లు కొట్టించాను.
వాన పడితే రంగు కింద నుంచి
వేరుశనక్కాయ బొమ్మ ఒకటి తేలుతుంది.

సువార్తకి ఎత్తు చాలదు.
జీజీహెచ్‌లో నైట్ డ్యూటీ ఉన్న రోజుల్లో
డివైడరు పక్కన ఆపుతాను.
టిఫిన్ క్యారియర్ పళ్లతో కరుచుకుని
బస్సు టాపెక్కే మనిషిలా
నా కాలరు పట్టుకుని ఎక్కుతుంది.
"లదాఖ్ ఎప్పుడు?" అంటుంది, రోజూ,
సిగ్నల్ దగ్గర.
మొన్న వానకి మూడొంతెనల కింద మోకాల్లోతు నీళ్లు.
స్కూటర్లన్నీ చచ్చి తేలుతుంటే
మాదొక్కటే బుడబుడమంటూ అవతలి గట్టెక్కింది.
ఆ రోజు మాత్రం అడగలేదు.
వీపు మీద రెండుసార్లు తట్టింది,
నన్నో బండినో.

పెట్రోలుకి తొమ్మిదొందలు దాచి
ఒక ఆదివారం నల్లమలకి బయల్దేరాం.
వినుకొండ దాటగానే క్లచ్ వైరు తెగింది.
తిరుగుప్రయాణం మిర్చి దించి వస్తున్న మినీ లారీలో.
ఖాళీ గోతాల మీద బండి ఒక పక్క పడుకుంది,
సువార్త ఇంకో పక్క.
నేను కూర్చుని, ఘాటుకి కళ్లు తుడుచుకుంటూ,
ఇద్దరూ దొర్లకుండా చూస్తూ వచ్చాను.
మా పెద్ద యాత్ర అదే ఇప్పటికి.

నిన్న ఎయిర్ ఫిల్టరు విప్పాడు నాగుల్‌మీరా.
ఎర్రగా ఉంది లోపల, పసుపుకుంకాల పళ్లెంలా.
తుమ్మాడు. మళ్లీ తుమ్మాడు.
పదకొండు లెక్కపెట్టి నేను మానేశాను.
"యార్డు మొత్తం మింగింది కదయ్యా ఇది!"
ఆ కసిలో బ్యాటరీ కూడా లాగితే
అడుగున ఒక ప్లాస్టిక్ కవరు.
లేహ్‌లో ఇచ్చిన అనుమతి కాగితం,
పొన్నప్ప అన్న పేరు, మడతల్లో చెరిగిపోయిన తేదీ.
చిటికెడు బూడిదరంగు ఇసక.
దాని వెనకే తెనాలివాడి బీమా నోటీసు,
చింపను కూడా చింపలేదు మహానుభావుడు.

"పడేయనా?"
వద్దన్నాను.
ఆ ఇసకని వేలికి అద్దుకుని చూశాను.
చల్లగా ఏం లేదు,
గుంటూరు ఇసకలాగే ఉంది.

చొక్కా జేబు దులిపితే
ఎప్పుడూ ఉండేవే, నాలుగు మిరప గింజలు.
కవర్లో వేసి, మడిచి,
ఎక్కడిదక్కడ పెట్టించాను.
నాలుగో చెయ్యి ఎవరిదో,
ఏ ఊళ్లోనో ఈ మూత తీసి
వాడూ తుమ్ముతాడు.

ఫిల్టరు, మూడొందల ఇరవై.
నాగుల్‌మీరా టీ, పది.
రాసుకున్నాను.