రెండు నాబ్‌లు

గ్రీమ్స్‌పేటలో దొరస్వామన్న కొట్లో
పది కె పాట్ ముప్పై రూపాయలు.
"లాగ్‌దే కదన్నా?" అంటే
"చెవి ఎట్ల వింటాదో అట్ల తిరుగుతాది, పో" అన్నాడు.

బిస్కెట్ డబ్బాకు బెజ్జం పెట్టి
ఈ పక్క మూడు కాళ్లు, ఆ పక్క మూడు కాళ్లు
టంకం వేసినా.
పొగకు కన్నెమ్మ దగ్గి తలుపు బార్లా తీసింది.

నాబ్ సున్నా కాడినుంచి మెల్లిగా తిప్పితే
వయొలిన్ కుడిపక్కే లేస్తాది.
ఎడమది,
నిద్ర చాలని పిల్లోని మాదిరి,
తొమ్మిది గంటల గీత దాటితే గానీ రాదు.

పాట్ మార్చినా. మళ్లీ మార్చినా.
దొరస్వామన్న మీటరు పెట్టి చూపించినాడు,
రెండు పక్కలా ఒకటే అంకె.

ఆ రాత్రి
హెడ్‌ఫోన్ తిరగేసి పెట్టుకున్నా,
కుడిది ఎడమకి, ఎడమది కుడికి.
వయొలిన్ మళ్లీ కుడిపక్కే.

కొంచేపు కదల్లేదు.

పదకొండేండ్లు గ్రానైటు కోత మిషను కాడ
రంపానికి ఎడమచెవి ఇచ్చి నిలబడినోణ్ణి.
రాయి మాత్రం అద్దం మాదిరి వచ్చేది.
ఎవురింటి మెట్లల్లో ఉండాదో.

పొద్దున్నే కొట్టుకాడికి పోయి
"ఈసారి ఒంటివి రెండు ఇయ్యన్నా" అన్నా.
ఎందుకని అడగలా ఆయన.
కాగితంలో చుట్టి,
ఒకదానికే దుడ్డు తీసుకున్నాడు.

డబ్బాకు ఇంకో బెజ్జం.
కుడిది పది కాడ,
ఎడమది రెండు దాటినాక.

కన్నెమ్మ పెట్టుకోని
"ఇదేంది, ఒక పక్కే అరస్తాంది" అనింది.

నాకు
సరిగ్గా నెత్తి నడిమధ్యన వాయిస్తా ఉండారు.