మూడు కొటేషన్లు

నాకు తెలిసిన ప్రెస్సులు రెండే.
అమ్మ జంతికల గొట్టం ఒకటి,
బెంజి సర్కిల్ దగ్గర చెరుకురసం మిషను ఒకటి.
మూడోది ఎంచమని క్లబ్బు సెక్రటరీ
నా బల్లమీద మూడు కాగితాలు పడేసి
ఏసీ గదిలోకి వెళ్ళిపోయాడు.

తూటాలు నింపే ప్రెస్సు.
పేలిపోయిన ఇత్తడి గొట్టాన్ని
మళ్ళీ పేలడానికి తయారుచేసే ఇనప దిమ్మ.

పదకొండేళ్ళుగా ఈ రేంజిలో
లెక్క రాస్తున్నాను.
పొద్దున ఇచ్చినవి, సాయంత్రం తిరిగొచ్చిన ఖాళీలు.
రెండంకెలూ కలవకపోతే
ఆ రాత్రి అన్నం సహించదు.
ఒక్కటీ కాల్చలేదు.
ఏమయ్యా అని అడిగితే కళ్ళజోడు చూపిస్తాను.

మొదటిది పిడి ఒక్కసారి లాగితే
ఐదు పనులు చేస్తుందట.
గంటకి నాలుగొందలని నిగనిగలాడే కాగితం.
రెండోదాని బల్ల తిరుగుతుంది విసుర్రాయిలా.
మూడోది వట్టి మొండిది.
ఒక పిడి. ఒక కన్నం. ఒకసారికి ఒకటి.
ధర మొదటిదాన్లో ఆరోవంతు.

"ఆరోవంతు అంటే ఆడిటరు నవ్వుతాడు"
అన్నారు కోశాధికారి పోట్లూరి వారు.
"ఖరీదైంది కొంటే కమీషనంటారు,
చౌకది కొంటే తుప్పంటారు.
మధ్యది రాసెయ్, గొడవుండదు."

మే నెల. గొల్లపూడి వైపు రోడ్డు
లేని నీళ్ళతో మెరుస్తోంది.
కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని
ఆయుధాల గదికి నడిచాను.
ఆ పనికి అనుమతున్న చేతులు
మా దగ్గర సుభానీ గారివే.

అలవాటుగా ఆయన కుడిపక్కకెళ్ళి నిలబడ్డాను.
ఎడంపక్క ఎవరేమన్నా
ఆయనకది ఫ్యాను చప్పుడే.

కాగితాలు చూడలేదు.
"ఈ చెవి సంగతి చెప్పానా?" అన్నాడు.
చెప్పలేదు. నేనూ అడగలేదు.

"గవర్నరుపేట కొట్లో ఉన్నప్పుడు.
పిడి నొక్కుతున్నా.
మా బావమరిది వచ్చాడు,
గుంటూరు సంబంధం మాట.
పిల్ల టీచరన్నాడు.
ఏ స్కూలన్నా.

అంతే.
ఏ స్కూలు, అన్నంతసేపు.
ఒకదాంట్లో మందు రెండుసార్లు పడింది.
పడినట్టు నాకు తెలీదు.
మూడువారాలు పెట్టెలో
మిగతావాటితో కలిసి బుద్ధిగా కూర్చుంది.
తర్వాత నా చెంప పక్కనే చెప్పింది.

ఇంకొకరి చేతిలో చెప్పలేదు. అల్లా దయ."

కాసేపాగి,
"సంబంధం కుదిరిందిలే.
పిల్లది మున్సిపల్ స్కూలే."

మరి ఏది కొనమంటారు?

ఖాళీ గొట్టం ఒకటి తీసి
నా కంటిదగ్గర పెట్టాడు.
"ఏముంది లోపల?"
చీకటి.
"ఎంత చీకటుందో
ఒక్కోదాంట్లోకీ అలా చూడనిచ్చేది కొను."

తిరిగొస్తుంటే అమ్మ గుర్తొచ్చింది.
కాగే నూనెమీద గొట్టం పట్టుకుని
చుట్టలు తిప్పేటప్పుడు
మేమేం వాగినా పలికేది కాదు.
మూతి బిగించుకున్న ఆ ముఖం
కోపమనుకునేవాళ్ళం.

ఫారంలో "కారణము" అని ఒక గడి.
"ధర తక్కువ" రాశాను. కొట్టేశాను.
"వేగం తక్కువ" రాశాను.
అదీ కొట్టేశాను, ఎవరైనా పిచ్చనుకుంటారని.
చివరికి గడి చాలక పక్కన అంచులోకి ఎక్కించాను:
"చూసుకోడానికి తీరిక ఉంటుంది."

సెక్రటరీ రెండుసార్లు చదివాడు.
"ఇదొక కారణమా?"
సంతకం మాత్రం పెట్టాడు.
ఏసీ రిపేరువాడు బయట నిలబడున్నాడు మరి.

సాయంత్రం ఖాళీలు వచ్చాయి,
రెండొందల పన్నెండు.
ఎప్పుడూ గుప్పిళ్ళతో ఎంచేవాణ్ణి.
ఇవాళ ఒక్కోటీ లైటుకేసి వంచి చూస్తున్నాను.
చూడాల్సిందేం లేదని తెలుసు.
మసి, పొగవాసన, ఇత్తడి వేడి.

"బాబుగారూ, తాళం వేసెయ్యనా?"
వాచ్‌మన్ ఏసుపాదం గుమ్మంలో.

చెయ్యెత్తి ఆగమన్నాను.
నూటనలభై మూడోది
ఇంకా కంటిదగ్గరే ఉంది.