మనవడికి కాదు

హీలో ఊళ్లో వాన ఆగదు, కాస్త సన్నబడుతుందంతే.
ఆ సన్నబడిన పది నిమిషాల్లో
మియాసాటో ముసలాయన కొట్టు గుమ్మం ఎక్కాను.
జేబులో అరవై డాలర్లు.
హోటలు దుప్పట్లు మడిచి మడిచి వచ్చిన చేతుల్లో
ఇంకా సబ్బు వాసన.

"ఎవరికమ్మా ఉకులేలే?"
కళ్లజోడు నుదుటికెక్కించి అడిగాడు.
"మా మనవడికి" అనేశాను.
నాకు మనవడు లేడు.
యాభై మూడేళ్ల ఆడమనిషి తనకోసం
నాలుగు తీగల పెట్టె కొనుక్కుంటానంటే
నవ్వుతాడేమోనని
నిలబడ్డచోటే ఒక మనవణ్ణి పుట్టించాను.

అయితే ఇవీ, అని గోడవైపు చెయ్యి చూపించాడు.
గులాబి రంగువి, నీలం రంగువి,
పొట్టమీద మందారం, పక్కన కొబ్బరిచెట్టు,
ఇరవై రెండు డాలర్లు.
ఒకటి దించి మీటాను.
అట్టపెట్టె దగ్గినట్టు దగ్గింది.
పైన పటారం, లోన లొటారం.
బిరడా బిగిస్తుండగానే జారిపోతోంది శ్రుతి,
జీతం రోజు సాయంత్రం నా పర్సులాగా.

"పిల్లాడు విసిరికొట్టినా బాధుండదు" అన్నాడు.
లేని మనవడి మీద
నాకు ఎక్కడలేని కోపం వచ్చింది.
వాడి మూలాన్నే కదా నాకీ మందారాలు!

గాజు బీరువాలో, తాళం వెనక,
కోవా చెక్కతో చేసినవి
తేనెలో ముంచి తీసినట్టు మెరుస్తున్నాయి.
అడిగి ఒకదాని చీటీ తిప్పి చూశాను.
మళ్లీ మెల్లగా తిప్పేశాను,
నిద్రపోయే పిల్లకి దుప్పటి కప్పినట్టు.
నా రెండు నెలల అద్దె అది.

ఇంతలో వాన పెద్దదైంది.
రేకుల కప్పు మీద ఒకటే మోత,
మాట వినబడనంత.
అందుకే అరవాల్సి వచ్చింది:
"మనవడికి కాదు! నాకే!"

ఆయన నవ్వలేదు.
కళ్లజోడు ముక్కుమీదికి దించుకున్నాడు.
"ఆ ముక్క ముందే చెప్పొద్దూ?"

బల్ల కిందనుంచి తీశాడు
మట్టిరంగుది, ఏ బొమ్మా లేనిది.
"అతుకు చెక్కేనమ్మా, దాచడమెందుకు.
ఈ వానకి ఉబ్బదు, అదొక సుఖం.
పిండి కొద్దీ రొట్టె.
పిండికి పురుగు పట్టి ఉండకూడదు, అంతే."

పన్నెండో మెట్టు దగ్గర తీగ నొక్కించాడు.
వట్టి తీగ పలికిన స్వరమే
పైస్థాయిలో పలుకుతోందా లేదా అని
ఇద్దరం తలలు దగ్గర పెట్టి విన్నాం.
తీగ కింద ఒక నాణెం దూర్చి చూపించాడు.
"ఇంతకన్నా ఎత్తుంటే వేళ్లు ఏడుస్తాయి.
నెల తిరక్కుండా మూల పడేస్తావు."
మెట్ల అంచులమీద నా బొటనవేలు నడిపించాను.
దిండు గలీబుల కుట్లు తడిమి చూసే వేలు
ఒకచోట ఆగింది.
ఆయన మారుమాట లేకుండా
ఉప్పుకాగితం తెచ్చాడు.

అన్నిటికన్నా పైనున్న తీగ
బొంగురుగా మోగుతుందనుకున్నాను.
సన్నగా పలికింది,
పెద్దవాళ్ల వరసలో చొరబడి నిలబడ్డ చంటిదానిలా.
"అది అంతే" అన్నాడు. "దాని అల్లరే దీని అందం."

నలభై ఎనిమిది డాలర్లు.
మిగిలిన పన్నెండూ నా గుప్పిట్లోనే మూశాడు.
"శ్రుతి చూడ్డానికి ఫోను చాలు.
వీటితో రెండు నెలలాగి మంచి తీగలు కొనుక్కో."

బస్టాపు దగ్గర మలసాదలు వేయిస్తున్నారు.
రెండు కొన్నాను.
పంచదార వేళ్లతో దాన్ని ముట్టుకోకూడదని
ఇల్లు చేరేదాకా
ఒళ్లో ఉకులేలే, గాల్లో రెండు చేతులు.
బస్సులో అందరూ నన్నే చూశారు. చూడనీ.

వారమైంది. కొత్త తీగలు సాగుతూనే ఉన్నాయి.
రాత్రి కూర్చిన శ్రుతి తెల్లారేసరికి ఉండదు.
ఉంగరపు వేలితో, అడుగు తీగ మూడో మెట్టు:
నాకు వచ్చిన విద్యంతా అదే.
అదే మీటుతూ కూర్చుంటాను
పక్కింటి కుక్క లేచిపోయేదాకా.

నిన్న చేపల బజార్లో మియాసాటో ఎదురయ్యాడు.
"మీ మనవడు ఎలా వాయిస్తున్నాడు?"
ముఖం ఏమాత్రం మార్చకుండా అడిగాడు.
"మొండిఘటం" అన్నాను.
"ఒకటే స్వరం పట్టుకుని వదలడంలేదు."