సంతకం

డలూత్‌లో, సరస్సు మీద మంచు ఇంకా విరగని మార్చిలో
కూతురి మంచం పక్కన కూర్చున్నాను.
రెండ్రోజుల పసివాడు. పేరింకా కుదరలేదు,
సున్తీ కాగితం మాత్రం వచ్చేసింది.

"నాలాగే ఉండాలి వాడు" అన్నాడు అల్లుడు థాడియస్.
ఇంకో కారణం కోసం కాసేపు కిటికీలోకి చూశాడు.
"నువ్వు చెప్పమ్మా, ముప్ఫైయేళ్ళు నర్సువి."

ముప్ఫైయేళ్ళు.
ప్లాస్టిక్ పలక మీద ఎన్ని కాళ్ళు కట్టానో!
చక్కెరనీళ్ళలో ముంచిన చిటికెనవేలు నోటికందించి
"అయిపోయింది నాన్నా, అయిపోయింది" అనేదాన్ని,
మొదలుకాకముందే.
చాలామంది గుక్కపట్టేవాళ్ళు.
అసలు ఏడవనివాళ్ళు కొందరు –
వాళ్ళే గుర్తున్నారు.

నా కొడుక్కీ సంతకం పెట్టాను,
సూప్ చల్లారిపోతోందని చదవకుండానే.
వాడికిప్పుడు నలభై ఒకటి. ఏనాడూ అడగలేదు.
అడగకపోవడం ఒప్పుకోవడమేనా?

మంచిదన్న డాక్టర్లూ తెలుసు నాకు,
మానేసిన డాక్టర్లూ తెలుసు.
తప్పు అనడానికి నా చేతులు అడ్డొస్తున్నాయి,
ఒప్పు అనడానికి కూడా అవే.

పసివాడు నిద్రలో పెదాలు చప్పరించాడు.
చిటికెనవేలు అందించాను.
చక్కెర లేదు. అయినా వదల్లేదు.

"ఇలా ఇవ్వు, పాలవేళైంది" అంది కూతురు.
దుప్పటి సర్దుతుంటే కాగితం జారి
మంచం కిందికి పోయింది.
ముగ్గురం చూశాం.
ఎవరూ వంగలేదు.