ఫుట్‌నోట్ పద్నాలుగు

పొద్దుగాల్నుంచి ఇది పదో వ్యాసం.
కోఠిల, కాలేజీ గేటుకు ఎదురుంగ,
మెట్ల కింద మా జిరాక్స్ షాపు.
డిగ్రీ పిల్లలకు పోటీ పెట్టిండ్రు
స్త్రీ అధ్యయన విభాగమోళ్లు.
అంశం: నగరంలో స్త్రీల శ్రమ, లెక్కకు రానిది.
రెండువేల ఐదువందల పదాలు,
ఒక్కటి ఎక్కువున్నా తీసుకోరు.
సాయంత్రం ఐదుకు ఆఖరు.

పేజీకి పాతిక రూపాయలు,
అండ్ల ఎనిమిది నావి.
ఈ ముచ్చట ఏ వ్యాసంల లేదు.
నన్నెవరు అడుగుతరు?

తొమ్మిదింట్ల ఏడు ఒక్క తీర్గనే మొదలైనయి,
"అనాదిగా స్త్రీ" అని.
ఏడోసారికి నా వేళ్లు
నన్నడగకుంటనే కొట్టినయి.

పాత ఫాంటుల కొట్టి యూనికోడ్‌లకు మారుస్త.
మార్చినప్పుడల్లా ఒక్క మాటే విరుగుతది:
స్త్రీ.
సకారం ఒక దిక్కు, తవొత్తు ఒక దిక్కు,
క్రావడి ఊడి పక్క అక్షరం మీద పడ్తది.
కర్సర్ పెట్టి మళ్ల అతికియ్యాలె,
ఒక్కో వ్యాసంల అరవై, డెబ్బై చోట్ల.
దీనికి సేటు పైసలు తీసుకోడు,
నాకు ఇయ్యడు.

మూడున్నరకు షాహెదా వచ్చింది.
తాండూరు పిల్ల, తెలుగు మీడియం.
లాంగ్‌బుక్కు కాగితాలు, నీలం సిరా, ఎల్లిగడ్డ వాసన.
"వాసనొస్తుందా అక్కా?
మా ఖాలా పక్కన కూసోని రాసిన."

యాకుత్‌పురాల వాళ్ల ఖాలా
హోటళ్లకు ఎల్లిగడ్డ వొలుస్తది.
కిలోకు ఎనిమిది రూపాయలు.
(ఈడ నా చెయ్యి ఆగింది. మళ్ల కొట్టిన.)
తెల్లారంగ ఆటోల మూటలు దిగుతయి.
వొలిచినంకనే తూకం, పొట్టు లెక్కల లేదు.
రాత్రి మండే వేళ్లు పెరుగుల ముంచుకోని
అన్నం బిడ్డతోని తినిపిచ్చుకుంటది.
"దావత్‌ల బిర్యానీ తిన్నోళ్లు మసాలా మెచ్చుకుంటరు,
వాసన మాత్రం నా దుప్పట్ల పంటది"
అన్నదట ఖాలా.

కొట్టుడైంది. లెక్క చూస్తె
రెండువేల ఏడువందల పదకొండు.
గడియారంల నాలుగున్నర.
"ఖాలా మాటలు తీసేద్దాం అక్కా,
అవి రెఫరెన్సులు కావు గదా."
నా నోరు ఊకోలే.
"మొదటి పేజీ తీసెయ్,
'అనాదిగా' కాడికెల్లి 'అని నిర్వచించవచ్చు' దాక.
నీదానితోటి ఎనిమిదిసార్లు కొట్టిన దాన్ని.
ఎల్లిగడ్డను ఒక్కసారే కొట్టిన."

అప్పుడు చూసింది నా మొకం దిక్కు.
అప్పటిదాక స్క్రీనే.

"మీకు పేజీకి ఎంతిస్తరక్కా?"
చెప్పిన.
నిబంధనల కాగితం తిప్పింది, వేలు పెట్టి చదివింది:
'ఫుట్‌నోట్లు పదాల లెక్కలోకి రావు.'
"మంచిదే" అని ఆమె చెప్పబట్టె, నేను కొట్టబట్టిన.
పద్నాలుగు. డి.టి.పి. ఆపరేటర్, కోఠి.
పేజీకి ఎనిమిది రూపాయలు.
విరిగిన 'స్త్రీ'ని అతికించినందుకు ఏమీ లేదు.

"పేరు?"

పదకొండేండ్లు ఈ మిషన్ మీద
పెండ్లి పత్రికలు, అద్దె కాగితాలు,
పోలీస్ స్టేషన్ దరఖాస్తులు కొట్టిన.
ఊరి మీది పేర్లన్ని కొట్టిన.
అండాలు, అని కొట్టిన.
పది సైజుల, పేజీ అడుగున,
లెక్కకు రాని జాగల.
యూనికోడ్‌లకు మార్చిన.
విరగలే.

ఐదుకు ఐదు నిమిషాలు తక్కువ.
కాగితాలు చున్నీ కింద పెట్టుకోని
బస్సుల నడుమకెల్లి ఉరికింది పిల్ల.
యాభై చిల్లర మరిచింది, డ్రాయర్ల పెట్టిన.
ఎవరికి ప్రైజొచ్చిందో నాకెవరు చెప్పలే.
స్పేస్ బార్ రెండుసార్లు తుడిచిన,
ఇంక వాసనొస్తనే ఉన్నది.