రెండు టంకాలు

జంత్రిపలకకు నలభై కన్నాలు.
మొదటి దాంట్ల అగ్గిపుల్లంత తీగె దూరుతది.
ఆఖరి దాంట్లకెల్లి
తుమ్మితే ఎగిరిపోయేది ఒకటి వస్తది.
ఆ మొదటికి ఈ ఆఖరికి నడుమ
నాకు రెండేండ్లు పట్టింది.

కరీంనగర్ల కమాన్ దాటినంక ఎడమకు
వంగోజు వైకుంఠాచారి కార్ఖానా.
ఒక కుంపటి, మూడు పీటలు,
గోడ మీద బొగ్గుతోని రాసిన పాల లెక్క.
వెండి ముట్టనియ్యలే, రాగితీగె చేతిల పెట్టిండు.
"రాగి పాడైతే పావలా పోతది,
వెండి పాడైతే పరువు పోతది."

లాగుడు. కాల్చుడు. మళ్ల లాగుడు.
కాల్చకుండ లాగితే పటుక్కున తెగుతది,
ఎక్కువ కాలిస్తే
కొస కరిగి ముత్యమై కూసుంటది.
ఎంత కాల్చాలె మామా?
"రంగు జూడు."
ఏం రంగు?
"సూసినంక ఎరుకైతది."

ఊదుగొట్టం రొమ్ముతోని ఊదొద్దు, బుగ్గలతోని ఊదాలె.
ముక్కుతోని తీసుకుంట నోటితోని ఇడుసుకుంట,
నడుమ మంట తెగొద్దు.
ఇంట్ల నీళ్లగిలాసల గడ్డిపుల్ల పెట్టి
రాత్రంత బుడగలు ఊదితే
నాకు గాలి సోకిందని
మా అవ్వ తాయెత్తు కట్టిచ్చింది.

మొదటి వెండిపని ఒక మల్లెతీగె.
మూడు దినాలు చుట్టిన.
వెలిగారం అద్ది, టంకం పొడి చల్లి
మంట అటు మళ్లిచ్చిన్నో లేదో
రెప్పపాటుల ముద్ద.
ఏడుపు ఆపుకుంట నిలబడితే
తక్కెడ ముందటికి జరిపిండు.
"తూకం తగ్గిందా?"
లేదు.
"అయితే ఏం పోలే. మళ్ల లాగు."

నాలుగో ఏడు, ఎవలిదో పెండ్లికి
గులాబ్‌దాని మెడ నాకు ఒప్పజెప్పిండు.
అతికిచ్చి, పీట మీద పెట్టి ఇంటికి పోయిన.
పొద్దుగాల దాన్ని వెలుగుకు పట్టి
"ఊఁ" అన్నడు.
ఆయన నోట్ల అంతకంటె పెద్ద మాట
నేనెన్నడు ఇనలే.

మొన్న జమ్మికుంట నుంచి ఒకామె
గుడ్డసంచిల పాత గులాబ్‌దాని తెచ్చింది.
అడుగు పీట ఊడింది, మెడ చెక్కుచెదరలే.
ఆకుల కొసలన్నీ ఎడమకు తిరిగున్నయి.
నాది పుర్రచెయ్యి.
ఇరువై ఏడేండ్లకు నా చెయ్యి నాకు ఎదురైంది.

భూతద్దం పెట్టుకున్న.
నా టంకం జొన్నగింజంత, మబ్బు పట్టినట్టు.
దాని కింద ఇంకోటున్నది.
నువ్వుగింజల సగం లేదు, వెంట్రుకోలె పారింది.
ఇన్నేండ్లు మెడను మోసింది అదే.
నేను ఇంటికి పోయినంక
దీపం దగ్గరికి జరుపుకొని
ముసలాయన మళ్ల కూసున్నడన్నట్టు.

కడుపు నిండింది.
కోపం గూడ వచ్చింది, అబద్ధమెందుకు.
ఆ "ఊఁ" మీదనే అప్పు తెచ్చి
సొంత పీట ఏసుకున్నోన్ని నేను.
అడుగుదామంటే మనిషి లేడు.
ఆయన కుంపటి మాత్రం నా ముందట
ఎర్రగ చూస్తున్నది.

"పాత అతుకు తీసి కొత్తది పెడ్తవా?" అన్నది ఆమె.
మెడ ముట్టనన్న.
పీట అతికిచ్చి, కుంకుడు నురగల తోమి ఇచ్చిన.

మానకొండూరు నుంచి బస్సుల వచ్చే నవనీత
నిన్న ఒక నెమలిని చేసిపోయింది.
తీగె నా తీగె కంటె సన్నం, అది ఒప్పుకోవాలె.
మెడ కాడ ఒక్కచోట టంకం పారలే.
కంటికి కనవడది. వేలి గోరుకు తెలుస్తది.

కుంపట్ల నిప్పు ఇంక ఉన్నది.
ఊదుగొట్టం నోటి దాక వచ్చింది.
ఒక్క ఊపిరి పని.

దించిన.
నెమలిని ఆమె పీట మీదనే పెట్టి
పక్కకు నా భూతద్దం పెట్టిన.
తాళమేసి కమాన్ దాక పోయి
మళ్ల తిరిగొచ్చిన.

తాళం తియ్యలే.
లోపట నిప్పు చల్లారుతున్న వాసన
తలుపు సందుల నుంచి వస్తుంటే
చాలసేపు ఆడనే నిలబడ్డ.