కుంటి పిల్లి

పుంతా అరెనాస్‌లో తలుపు తీస్తే
గాలి గొళ్ళెం ఊడబెరికి చేతికిస్తుంది.
అందుకే ఒస్వాల్దో ఇంటి కిటికీలకు రెండేసి అద్దాలు.
రేవులో రాత్రి కాపలా,
తాళాల మీద నమ్మకమున్న మనిషి.
రూటరుకీ వేశాడొకటి:
తొమ్మిది కొట్టగానే నెట్ బంద్.

మంగళవారం, సూప్ చల్లారుతుంటే
మైతె టాబ్లెట్ తెచ్చి బల్ల మీద బోర్లించింది.
"తిట్టవుగా?"

వాడికీ పన్నెండేళ్ళేనట.
వాడి పిల్లీ కుంటిదేనట, అచ్చం మన పిల్లిలాగే.
ఇప్పుడు గది ఫోటో అడుగుతున్నాడు,
నాన్నకు చెప్పొద్దంటున్నాడు.

గొంతుదాకా వచ్చిన కేకను
రొట్టెముక్కతో కలిపి మింగాడు.
"కుంటిదని ముందు చెప్పిందెవరు?"
కాసేపు ఆలోచించి,
"నేనే" అంది.
ఆ మాట అన్నాక చాలాసేపు
టాబ్లెట్‌ని తాకలేదు.

పక్కపక్కన కూర్చుని అంతా చదివారు,
మొదటి హలో నుంచి.
ఒక్కటీ చెరపలేదు, రేపు పోలీసులకు చూపించాలి.
వాడిని మాత్రం బ్లాక్ చేసింది,
తన వేలితోనే.

"నాకెందుకు చెప్పావే?"
"కారు అద్దం పగలగొట్టినప్పుడు
నువ్వు అరవలేదుగా."

అతనికి ఆ అద్దం గుర్తే లేదు.

తొమ్మిదైంది. నెట్ ఆగింది.
ఇద్దరూ లేవలేదు.
ఈలోగా పిల్లి, మూడు కాళ్ళ మీదే బల్లెక్కి,
సూపంతా తాగేసింది.